మూడో వాటాలో తరుగు

బక్రీదు పొద్దుటికి గౌస్ బాషా చేతిలో ఉన్న సరుకు ఇంత: అన్నం మానేసిన రోజులు పన్నెండు. బెల్టుకి మేకుతో పొడుచుకున్న కొత్త చిల్లు ఒకటి. పెరట్లో కట్టేసిన పొట్టేలు ఒకటి. కుడిచేతికి మొద్దుబారిన వేళ్లు మూడు.

మొదటి మూడూ లాభం కిందికి వస్తాయో నష్టం కిందికి వస్తాయో ఇంకా తేలలేదు. ఆ వేళ్లు మాత్రం పచ్చి నష్టం. మిరప వ్యాపారంలో అతనికి షెడ్డు కంటే, కాటా కంటే పెద్ద ఆస్తి ఆ చేయి. టిక్కీ బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చేయి దూర్చి, అడుగు నుంచి నాలుగు కాయలు పైకి తీసి, బొటనవేలితో ఒకసారి నిమిరి, చెవి దగ్గర ఆడించి "తేమ పది" అనో "పన్నెండు" అనో చెప్పేసేవాడు. మిషను పెట్టి చూసి అంకె తేడా వస్తే జనం మిషన్నే అనుమానించేవాళ్లు. ఉగాది వెళ్లిన వారానికి ఒకరోజు కాయని నిమిరితే కాయ తగల్లేదు. మధ్యలో ఎవరో గుడ్డ కప్పినట్టుంది.

షుగరు, అన్నాడు ఒంగోలు డాక్టరు. పాదాలకి ముందే వచ్చుంటుంది, మీరు పట్టించుకోలేదు, ఇప్పుడైనా దించకపోతే మిగతా వేళ్లు కూడా పోతాయి అన్నాడు. పొద్దున రెండు మాత్రలు, సాయంత్రం ఒకటి రాశాడు.

చీరాలలో బట్టల కొట్టు పెట్టుకున్న మేనల్లుడు ముబీన్ ఫోన్లో ఇంకో దారి చెప్పాడు. "మామా, అన్నం మానెయ్. ఇడ్లీ, దోసె, రొట్టె, పంచదార, అన్నీ బంద్. మాంసం తిను, గుడ్లు తిను, నెయ్యి పోసుకో, ఆకుకూర తిను. నలభై రోజులు చూడు. నా పొట్ట ఎక్కడికి పోయిందో నాకే తెలీదు."

గౌస్ బాషా రెండు దారులూ పట్టాడు. మాత్రలు మానలేదు, అన్నం మానేశాడు. సరుకుని ఇద్దరు హమాలీలు మోస్తే తొందరగా దిగుతుంది కదా అని అతని లెక్క. ఆ సంగతి డాక్టరుతో చెప్పలేదు.

ఈద్గా నుంచి వచ్చేసరికి కసాయి రంజాన్ కత్తులు కడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. రంజాన్‌కి బజార్లో మాంసం కొట్టుంది. పండగపూట పది ఇళ్లు తిరగాలి కాబట్టి మాట పొదుపు, చేయి వాడి. పదిన్నరకల్లా వరండాలో ఈతచాప మీద మాంసం గుట్ట పడింది. ఎండ చూరు కింద నుంచి దూరి ఆ గుట్ట మీద వాలింది. ముక్కలు తడితడిగా, గులాబి రంగులో మెరుస్తున్నాయి. గౌస్ బాషా చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు. అన్నం మానేశాక అతనికి తిండి అంతా కలలో కనపడినట్టే కనపడుతోంది, అంచులు వెలుగుతూ, కొంచెం దూరంగా.

మూడు వాటాలు వెయ్యాలి. ఇంటికొకటి, బంధువులకొకటి, లేనివాళ్లకొకటి. ఆ ఇంట్లో వాటాలకి కాటా పెట్టే అలవాటు లేదు, గౌస్ బాషా చేతి కొలతే కాటా. గొంతుక్కూర్చుని, తొడ ముక్క మూడు చోట్లకీ, పక్కటెముక మూడు చోట్లకీ, కార్జం మూడు చోట్లకీ వేసుకుంటూ పోతాడు. ఒక ఏడాది బావమరిది పంతం పట్టి తూచి చూస్తే మూడు కుప్పలకీ గుప్పెడు తేడా కూడా రాలేదు.

ఈసారి గుట్ట ముందు కూర్చోగానే బుర్రలో ఇంకో లెక్క నడిచింది. నలభైలో పన్నెండు పోతే ఇరవై ఎనిమిది రోజులు. రోజుకి అరకేజీ అనుకున్నా పద్నాలుగు కేజీలు. ఇంటి వాటాకి వచ్చేది ఆరు. మిగతా రోజులు ఏం తినాలి?

చేయి మెత్తటి ముక్కని తీసుకుని ఇంటి కుప్పలో వేసింది. ఇంకో మెత్తటిది, అది కూడా అక్కడే. కాళ్లు, మెడ, వెన్నుబొక్కలు మూడో కుప్పకి జారాయి. వేళ్లు మొద్దు, ఏది ఎటు పోతోందో వాటికేం తెలుసు అని తనకి తనే చెప్పుకున్నాడు. కళ్లు మొద్దు కాదన్న సంగతి పక్కన పెట్టాడు.

భార్య షాజాదీ గిన్నెలు పట్టుకొచ్చి నిలబడింది. "ఏమండీ, ఆ చివరి కుప్ప చిన్నగా లేదూ?"

"బొక్కకి బరువెక్కువ. కంటికి చిన్నది, తూకానికి సమానం."

ఆమె అతని మొహం వంక ఒకసారి చూసి గిన్నెలు కింద పెట్టింది. రంజాన్ మాత్రం కత్తి తుడుచుకుంటూ నవ్వాడు. "మీ చేయి ఇవాళ ఇంటి వైపుకి వాలిందన్నా."

"ఒరేయ్, వాళ్లు ఈ పూటే వండుకు తినేస్తారు. మాది ఫ్రిజ్జులో పెట్టేది. నీళ్లు కారి తగ్గుద్ది. తగ్గే నష్టం మాకేగా? అందుకని కాస్త తరుగు తీశా."

రైతు బస్తా తూచేటప్పుడు మట్టికని, తేమకని కేజీ కోసుకోవటం బజారు అలవాటు. దాన్నే తరుగు అంటారు. ఇరవై ఏళ్లుగా గౌస్ బాషా ఆ మాట రోజుకి వందసార్లు అంటాడు.

"మిరపకాయలకి తరుగు తియ్యటం చూశా," అన్నాడు రంజాన్ సంచీ భుజానికి తగిలించుకుంటూ. "అల్లా వాటాకి తరుగు తియ్యటం ఇదే చూట్టం."

గౌస్ బాషా కూడా నవ్వాడు. మూడో కుప్ప ఎనిమిది కవర్లయింది. ఎనిమిదీ షెడ్డులో పనిచేసే ఆడవాళ్లకి. మొదటి కవరు ఎప్పటిలాగే పుల్లమ్మకి.

పండగ మర్నాడు షెడ్డు తెరిచారు.

రేకుల సందుల్లోంచి వెలుగు పలకలు పలకలుగా దిగుతోంది. అందులో ఎర్రటి ధూళి తిరుగుతోంది, కిందికి దిగదు, పైకి పోదు. ఎనిమిది మంది ఆడవాళ్లు ముక్కుకి గుడ్డలు కట్టుకుని తేజ రకం మిరపకాయల గుట్ట చుట్టూ కూర్చుని తొడిమలు తుంచుతున్నారు. టుక్, టుక్, టుక్. తెల్లబారిన తాలు కాయ ఒక తట్టలోకి, మంచి కాయ ఇంకో తట్టలోకి. చేతులు చూసుకునే పని లేదు వాళ్లకి, కబుర్లు చెప్పుకుంటూనే తుంచుతారు.

గౌస్ బాషా కుర్చీలో కూర్చుని ఆ చప్పుడు వింటున్నాడు. మూడు రోజుల నుంచి తల దూదిలా ఉంది. నడిస్తే కాళ్లు నేలకి ఒక వేలెడు ఎత్తులో పోతున్నట్టుంటుంది. తలుపు అవతల ఎండకి చేలు ఊగుతున్నాయి. పత్తి కట్టె పీకేసిన నల్లరేగడి మీద నీళ్లు నిలిచినట్టు మెరుపు, ఆ నీళ్లలో తలకిందులుగా ఒక ట్రాక్టరు. నీళ్లు లేవని తెలుసు. తెలిసినా చూడబుద్ధేస్తోంది. ఈ తేలికతనాన్ని అతను లాభం కింద రాసుకున్నాడు.

మధ్యాహ్నం క్యారియరు విప్పాడు. ఒక గిన్నెలో మాంసం వేపుడు, ఒక గిన్నెలో ఉడకబెట్టిన గుడ్లు.

"సాయిబుగారికి పండగ ఇంకా అయిపోలా," అంది ఒకామె.

"ఆయనకి నలభై రోజుల పండగంటమ్మా," అంది ఇంకొకామె. "అన్నం ముట్టుకుంటే అంటు."

పుల్లమ్మ తన బాక్సు తెరిచింది. ఆమెకి యాభై దాటాయి. షెడ్డు కట్టినప్పటి నుంచీ ఆమే ఆ ఆడవాళ్లకి మేస్త్రి. అన్నం మీద పల్చటి పులుసు, అందులో ఒక కాలి బొక్క. ఆమె బొక్క తీసి, గుట్టుగా జుర్రి, మూత మీద పెట్టింది.

"ఈ ఏడు పొట్టేలుకి కండ పట్టలేదా సాయిబుగారూ?"

"బాగానే ఉందే. ఏం?"

"ఏం లేదు. కాళ్లన్నీ మా ఇంటికే వచ్చినయ్యి. రాత్రికి లేచి నడిచెళ్లిపోద్దేమోనని తలుపు గడేసుకుని పడుకున్నా."

ఎనిమిది మందీ పగలబడి నవ్వారు. గౌస్ బాషా కూడా పళ్లు కనపడేలా నవ్వాడు. నోట్లో ముక్క మాత్రం అక్కడే ఉంది, ఎంత నమిలినా గొంతు దిగలేదు.

పుల్లమ్మ అతని మొహం చూసి మాట మార్చింది. "మంచిదేలెండి. మా కోడలు స్తుతి బాలింత. కాళ్ల పులుసు తాగితే నడుముకి బలం. మా ఆయన జయరావు చూశాడు, ఇదేందే అన్నాడు, నువ్వూరుకో, కోడలి కోసం సాయిబుగారు ఏరి పంపించాడు అని చెప్పా."

ఆ మాట వేళాకోళమైతే బాగుండేది. కానీ ఆమె నిజంగానే ఇంట్లో అలా చెప్పుంటుందని అతనికి తెలుసు. క్యారియరు మూత పెట్టేశాడు. సాయంత్రం షాజాదీ గిన్నె తెరిచి, "వేపుడంతా అట్టాగే తెచ్చారేం?" అంటే, మొహం మొత్తింది అన్నాడు.

మూడో రోజు పొద్దున కూడా మాంసం మీదికి చేయి పోలేదు. రెండు గుడ్లు తిని, రెండు మాత్రలు మింగి షెడ్డుకి వచ్చేశాడు.

పదకొండింటికి దర్శి వైపు నుంచి రైతు చెంచయ్య ట్రాక్టరు వచ్చి ఆగింది. ముప్పై టిక్కీలు. చెంచయ్య పదేళ్లుగా సరుకు అతనికే వేస్తాడు, బేరం తక్కువ, నమ్మకం ఎక్కువ. గౌస్ బాషా కుర్చీలోంచి లేస్తుంటే షెడ్డు మెల్లగా అతనితోపాటే లేచింది. ఎర్రటి గుట్ట ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బి మళ్లీ తగ్గింది. దాని మీద ఎక్కడి నుంచో ఆవిరి, కొత్తబియ్యం ఉడుకుతున్న వాసన. తెల్లటి అన్నం ఎర్రటి గుట్ట మీద వానలా, చప్పుడు లేకుండా రాలుతోంది. అతనికి భయమేమీ వెయ్యలేదు. చాలా బాగుంది అనుకున్నాడు.

టిక్కీలో చేయి దూర్చాడు.

వేళ్లు జిల్లుమన్నాయి.

మొద్దుబారిన మూడు వేళ్లూ, చివర్లలో, చీమలు పాకినట్టు, తీగలు మీటినట్టు. రెండు నెలల తర్వాత చేయి తిరిగొచ్చింది. కాయ అంచు తెలుస్తోందనిపించింది, కాయలో గింజ తెలుస్తోందనిపించింది. నలభై రోజులు కూడా పట్టలేదు. కాయని చెవి దగ్గర ఆడించాడు. చెవుల్లో సముద్రం హోరు, అందులో గింజల గలగల.

"పది," అన్నాడు. "దించండి."

పుల్లమ్మ అదే టిక్కీలోంచి ఒక కాయ తీసి వంచింది. కాయ విరగలేదు, తోలుముక్కలా మడతపడింది. ఇంకోటి తీసింది. అదీ అంతే.

"సాయిబుగారూ, ఇది విరగట్లేదండీ."

"పది అన్నా కదా."

"పదైతే టక్కుమనాలి. ఇది తడి కాయ."

"ఈ చేయి కంటే నీకు బాగా తెలుసా? తొడిమలు తుంచేదానివి తుంచుకో!"

టుక్ టుక్ చప్పుడు ఆగిపోయింది. ఇన్నేళ్లలో అతను అలా అరవటం ఎవరూ వినలేదు. పుల్లమ్మ చేతిలో కాయని కింద పడేసి అతని మొహం వంక చూసింది, సరుకుని చూసినట్టే, వెలుగులోకి వచ్చి, దగ్గరికొచ్చి. మెడ మీద చెమట ధారగా కారుతోంది. కింది పెదవి వణుకుతోంది. పట్టుకున్న కాయ కూడా వణుకుతోంది.

"పొద్దున ఏం తిన్నారు?"

"నీకెందుకు?"

"చెప్పండి ముందు."

"గుడ్లు... రెండు."

"మాత్ర?"

"వేసుకున్నా. రెండూ."

"ఓరి నాయనో," అంది పుల్లమ్మ. "ఎవరన్నా పట్టుకోండే!"

మోకాళ్లు వాటంతటవే వంగాయి. చెంచయ్య ఒక రెక్క పట్టుకున్నాడు, ఒకామె ఇంకో రెక్క. టిక్కీకి ఆనించి కూర్చోబెట్టారు. పుల్లమ్మ కొంగుముడి విప్పింది. అందులో కాగితం, కాగితంలో చింతగింజ కంటే కాస్త పెద్ద బెల్లం ముక్క.

"నోరు తెరవండి."

"తీపి తిననూ," అన్నాడు, నాలుక మందంగా తిరుగుతుంటే. "ఇంకా... ఇరవై అయిదు..."

ఆమె దవడ నొక్కి పట్టుకుని బెల్లం లోపలికి తోసింది. పొద్దుటి నుంచి తేజ కాయలు తుంచిన వేళ్లవి. ముందు మంట తగిలింది నాలుకకి, భగ్గుమని. ఆ మంట వెనక తీపి దిగింది. కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. ఇంకో ఆవిడ టీ కోసం తెచ్చుకున్న పంచదార నీళ్లలో కలిపి తాగించింది. పది నిమిషాలకి షెడ్డు నేల మీదికి దిగింది. గుట్ట గుట్టలా ఉంది. ఆవిరి లేదు. చేలలో నీళ్లు మాత్రం ఇంకా మెరుస్తున్నాయి.

పుల్లమ్మ తన బాక్సు తెచ్చి ముందు పెట్టింది. చింతపండు చారు కలిపిన అన్నం. "నాలుగు ముద్దలు తినండి. బెల్లం కాసేపే ఆగుద్ది."

అతను తిన్నాడు. అన్నం మెత్తగా, గోరువెచ్చగా ఉంది. మూడో ముద్ద కలుపుతుంటే తెలిసింది, వేళ్లకి మెతుకు తగలటం లేదు. మళ్లీ గుడ్డ కప్పినట్టే ఉంది.

"వేళ్లు వచ్చినయ్యి పుల్లమ్మా ఇందాక," అన్నాడు. "జిల్లుమన్నాయి. నిజం."

పుల్లమ్మ పక్కనే చతికిలపడింది. "నాకూ అన్నాయి. నాకు షుగరొచ్చి అయిదేళ్లు. మొదట్లో ఒక శుక్రవారం ఉపాస ప్రార్థనకని కడుపు మాడ్చుకుని, మాత్ర మాత్రం మానకుండా వేసుకుని చర్చికి పోయా. పాట పాడుతుంటే వేళ్లు జిల్లుమన్నాయి, ఒళ్లు తేలిపోయింది. యేసయ్య ముట్టుకున్నాడనుకుని హల్లెలూయా అని అరిచా. అందరూ ఆమెన్ అన్నారు. నేను దబ్బున పడ్డా. మా పాస్టరమ్మ ఫెబా గారు పరిగెత్తుకొచ్చి నోట్లో పంచదార పోసింది. దేవుడు ముట్టుకుంటే చెమట పట్టదు పుల్లమ్మా అంది. అప్పటి నుంచీ ముడిలో బెల్లం లేకుండా గడప దాటను."

గౌస్ బాషా ముద్ద మింగి చెంచయ్య వైపు తిరిగాడు. "తడిసిందా కాయ?"

చెంచయ్య తల గోక్కున్నాడు. "మొన్న జల్లు పడిందండి. పట్టా కప్పేలోపు తడిసింది."

"ముందే చెప్పొచ్చుగా?"

"మీ చేయి చెప్తదిగా అని ఊరుకున్నానండి. మీరు పది అన్నారు. నేనే తికమకపడ్డా."

ముప్పై టిక్కీలూ విప్పి పట్టాల మీద ఆరబోశారు. గుట్టలో పడి ఉంటే మూడు రోజుల్లో బూజు పట్టి, పక్కనున్న పొడి సరుకుని కూడా తినేసేది.

మర్నాడు ఒంగోలు వెళ్లాడు. డాక్టరు రక్తం చూసి, పాత కాగితం పక్కన కొత్త కాగితం పెట్టి కళ్లజోడు సవరించుకున్నాడు. రెండొందల ఎనభై ఉన్నది నూట ఇరవైకి దిగింది.

"తిండి మార్చుకుంటే తప్పులేదు గౌస్ బాషా గారూ. నాతో చెప్పకుండా మార్చుకోవటం తప్పు. మీరు అన్నం మానేస్తే నేను మాత్ర తగ్గించాలి కదా. నిన్న మీ షెడ్డులో ఎవరూ లేకపోతే?"

సాయంత్రం మాత్ర కొట్టేశాడు, పొద్దుటివి రెండూ ఒకటి చేశాడు. పూటకి గుప్పెడు అన్నం తినండి, మాంసం మానక్కర్లేదు, పదిరోజులకోసారి రండి అన్నాడు.

"వేళ్లు, సార్?"

"రావచ్చు. రాకపోవచ్చు. ఇంకో వేలు పోకుండా ఆగితే అదే లాభం అనుకోండి."

వ్యాపారి కాబట్టి ఆ మాట అర్థమైంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా కల్లాల మీద ఎర్రటి దుప్పట్లు పరిచినట్టున్న మిరపకాయల్ని చూస్తూ వచ్చాడు. కుడిచేయి ఒళ్లో వేరే ఎవరిదో మూటలా ఉంది.

ఇంటికొచ్చి ఫ్రిజ్జు తలుపు తీశాడు. రాయిలా గడ్డకట్టిన మాంసం కవర్లు ఒక్కొక్కటీ బయటికి తీస్తుంటే మిగతా వేళ్లకి చలి కొరికింది, ఆ మూడు వేళ్లకి కొరకలేదు. షాజాదీ వెనక నిలబడి చూసింది. ఎన్ని అని అడగలేదు. పెద్ద సంచీ తెచ్చి నోరు తెరిచి పట్టుకుంది.

"ఆ కింది అరలోది కూడా," అంది. "అదీ వాళ్లదే. ఆ రోజు నేను చూశా."

షెడ్డులో టుక్ టుక్ నడుస్తోంది. అతను సంచీని కాటా మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"పుల్లమ్మా, ఇటు రా. దీన్ని ఎనిమిది వాటాలు చెయ్యి. పండగ రోజు నా చేయి తప్పింది."

పుల్లమ్మ సంచీలోకి తొంగిచూసింది. అంతా మెత్తటి ముక్కే. తల ఎత్తి, మిగతావాళ్ల వంక చూసి, అతనికి తప్పించుకునే దారి ఇవ్వబోయింది. "వేళ్లు మొద్దుబారినయ్యిగా పాపం. మీకు మాత్రం ఏం తెలుసుద్ది?"

తీసుకుంటే సరిపోయే మాట అది. గౌస్ బాషా కాసేపు ఆ మాటని బొటనవేలితో నిమిరినట్టు నిమిరి చూశాడు.

"వేళ్లు కాదు పుల్లమ్మా," అన్నాడు. "తరుగు తీశా."

రేకుల సందు వెలుగులో ధూళి తిరుగుతూనే ఉంది. ఎవరో దగ్గారు. పుల్లమ్మ చేతులు బూడిద పెట్టి తోముకుని, నీళ్లతో కడుక్కుని, పట్టా పరిచింది. కరుగుతున్న ముక్కల్ని విడదీసి ఎనిమిది చోట్ల వేసుకుంటూ పోయింది. తొందర లేదు, ఆగటమూ లేదు. ఆ చేయి చూస్తుంటే అతనికి తన చేయి గుర్తొచ్చింది, ఒకప్పటిది.

వాటాలయ్యాక ఆమె తన కుప్పలోంచి ఒక తొడ ముక్క తీసి, అతని క్యారియరు మూతలో పెట్టింది.

"ఇదేంది?"

"తరుగు," అంది పుల్లమ్మ. "ఇంటికి తీసుకెళ్తే నీళ్లు కారి తగ్గుద్ది కదండీ. ఆ నష్టం మాకెందుకు?"

ఈసారి షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు. అతనికి నవ్వు రావటానికి కొంచెంసేపు పట్టింది, వచ్చాక ఆగలేదు.

ఆరిన చెంచయ్య సరుకు మీద ఎండ వాలుతుండగా గౌస్ బాషా పుల్లమ్మని పిలిచి కాయ ఇచ్చాడు. ఆమె అతని చెవి దగ్గర పెట్టి వంచింది. టక్కుమంది. "పది," అన్నారు ఇద్దరూ.

ఆ నాటికి లెక్క ఇలా తేలింది. తగ్గిన ఒంటి బరువు నాలుగు కేజీలు. తగ్గిన మాత్రలు రెండు. తిరిగొచ్చిన అన్నం పూటకి గుప్పెడు. రాని వేళ్లు మూడు, వాటి బదులు కాయ విరిచే చేయి ఒకటి, పైజేబులో కాగితం చుట్టిన బెల్లం ముక్క ఒకటి. ఫ్రిజ్జు ఖాళీ. నికరంగా చేతికొచ్చింది మూతలో ఉన్న ఒక్క మాంసం ముక్క. దాన్ని ఎవరూ తూచలేదు.